తులం గుండు

(విజయనగరంలో గంటస్తంభానికి కాస్త ఎడంగా ఒక పెంకుటిల్లు. జూట్ మిల్లులో టైం ఆఫీసు నుంచి రిటైరైన అప్పలరాజు వాలుకుర్చీలో కూర్చుని నోటుపుస్తకంలో అంకెలు వేస్తున్నాడు. సత్యవతి చేతులకు నూనె రాసుకుని పనసకాయ కొడుతోంది. అమెరికాలో కొలరాడోలో ఉన్న అల్లుడికి ఆఫీసు స్నేహితులు ఎల్క్ అనే పెద్ద జింక వేట ఆశ పెట్టారు. ఏ తుపాకీ కొనాలని ఆ అబ్బాయి మామగారిని అడగలేదు. అయినా జవాబు తయారవుతోంది. మామగారు జీవితంలో పేల్చింది దీపావళి రీలు తుపాకీ ఒక్కటే. అదీ సగం రీలుకే ఇరుక్కుపోయింది.)

సత్యవతి: ఏటండీ, పొద్దుట్నుంచీ ఆ లెక్కలు? పాలోడికి డబ్బులిచ్చారా?

అప్పలరాజు: పాలోడు రేపూ వస్తాడు. ఇది అల్లుడి పరువు. త్రీ నాట్ ఎయిటా, త్రీ థర్టీ ఎయిటా?

సత్యవతి: మన పోలీసోళ్లది త్రీ నాట్ త్రీ కదా. అదే కొనుక్కోమనండి.

అప్పలరాజు: అది ఇక్కడ లైసెన్సున్నోడికి కూడా ఇవ్వరే. నిషేధం. అందుకే మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ జనం కోసం త్రీ వన్ ఫైవ్ అని వేరే సైజు చేసింది. అయినా ఎల్క్ అంటే ఏటనుకున్నావు? మన కణుజుకి అన్న. పోతు మూడొందల కేజీలు దాటుతాది.

సత్యవతి: ఓలమ్మో! అంత మాంసం ఎవులొండుతారు? మన గుంట శనివారం గుడ్డు కూడా ముట్టదు.

అప్పలరాజు: ముందు కొట్టనీవే. విను. త్రీ నాట్ ఎయిట్ అంటే గుండు అడ్డం కొలత 0.308 అంగుళం. థర్టీ నాట్ సిక్స్ అని ఇంకోటుంది, దానిదీ 0.308. త్రీ హండ్రెడ్ విన్‌చెస్టర్ మాగ్నం ఉంది, దానిదీ అంతే.

సత్యవతి: మూడూ ఒకటే లావైతే మూడు పేర్లెందుకు?

అప్పలరాజు: ఎనకాల ఇత్తడి గొట్టం తేడా. అందులో పట్టే మందు తేడా. మందు ఎక్కువైతే గుండు జోరుగా ఎల్తాది.

సత్యవతి: మందు ఎక్కువైతే ఎనక్కి తన్నడం కూడా ఉంటాది. మీ తమ్ముణ్ణి సూళ్లేదేటి?

అప్పలరాజు: (గొంతు సవరించుకుని) తన్నుడు ఉంటాది. రీకాయిల్ అంటారు. దానిమాట తర్వాత.

సత్యవతి: మరి ఆ నాట్ సిక్స్ అంటే ఆరు గుళ్లా?

అప్పలరాజు: 1906లో అమెరికా సైన్యం తీసుకుంది కాబట్టి ఆ పేరు.

సత్యవతి: మా తాత పుట్టిన నాటిదా! పెళ్లికి సెకండ్ హ్యాండ్ స్కూటర్ పెట్టారు, సాల్లేదేటి?

అప్పలరాజు: పాతదైనా ఇప్పటికీ దాన్నే భుజాన్నేసుకుని ఎల్క్ మీదికి ఎల్లేవోళ్లు బోలెడుమంది. సర్లే, నా ఓటు దానిక్కాదు. త్రీ థర్టీ ఎయిట్ మాగ్నం. 1958 సరుకు. ఎలుగు ఎదురొచ్చినా పడతాది.

సత్యవతి: ఎలుగు సూడ్డానికి అమెరికా ఎల్లాలేటి? ఉద్దానంలో మా సిన్నప్ప జీడితోటలోకే వస్తాది. డప్పులు కొట్టి తరుముకుంటారు. తుపాకీ ఎత్తితే జైలే.

అప్పలరాజు: అది మన 1972 వన్యప్రాణుల చట్టం. అక్కడ సీజను, లైసెన్సు, గుండు తూకం అన్నీ రాసిపెట్టుంటాయి. అయినా వేట అంటే ఈ ఊరోళ్లకి కొత్తా? మన రాజకుమారుడు విజ్జీ మూడొందల పులుల్ని కొట్టాడని సెప్పుకుంటారు.

సత్యవతి: ఆయన 1936లో ఇంగ్లండులో క్రికెట్ కెప్టెన్ కూడా అయ్యాడు. అల్లుడికి ఓ బ్యాటు కూడా కొనీండి. తూకమేటన్నారు?

అప్పలరాజు: కొలరాడోలో ఎల్క్‌కి 85 గ్రెయిన్లకి తగ్గకూడదు. త్రీ నాట్ ఎయిట్‌కి నేను రాసింది 180. అంటే... 11.66 గ్రాములు.

సత్యవతి: (కత్తి ఆగింది) 11.66 అంటే తులం కదండీ! పాత తులం. నా పుస్తెలతాడు మీరు తాకట్టు పెట్టిన ప్రతిసారీ షావుకారు ఈ అంకే సెప్పేవోడు.

అప్పలరాజు: (లెక్క వేసి, నోరు తెరిచి) నిజమేనే. తులం అంటే సరిగ్గా 180 గ్రెయిన్లు. బ్రిటిషోళ్ల వెండి రూపాయీ అంతే.

సత్యవతి: మరి మీ త్రీ థర్టీ ఎయిట్‌కి?

అప్పలరాజు: 225. తులంపావు.

సత్యవతి: తన్నుడు కూడా పావే పెరుగుతాదా?

అప్పలరాజు: (మెల్లగా) తన్నుడు... దగ్గరదగ్గర రెండింతలు.

సత్యవతి: పావు తులానికి రెండింతలా! మన షావుకారే నయం. పెళ్లిలో ఔటు పేలితే తలంబ్రాల పళ్లెం మొహానికి అడ్డం పెట్టుకున్న పిల్లడండీ ఆడు. ఓసారి బుజం మీద తన్నిందంటే, రెండోసారి నొక్కకముందే కళ్లు మూసేస్తాడు. ఊపిరితిత్తుల్లో తగలాల్సింది పొట్టలో తగులుతాది. ఆ నోరులేని జీవం రెండు కొండలు దాటి ఏ తుప్పలోనో గిలగిల కొట్టుకుంటాది.

అప్పలరాజు: గుండు పెద్దదైతే ఎక్కడ తగిలినా...

సత్యవతి: ఎక్కడ తగిలినా పడిపోడానికి అదేటి, లారీయా? ఇటివ్వండి ఆ పుస్తకం. (నూనె చేత్తోనే లాక్కుని) ఇదిగో, మీ రాతే. "ముందుకాలి ఎనక, ఒంటిలో మూడోవంతు ఎత్తున కొట్టాలి. బెదరకుండా పేల్చగలిగిన తుపాకీయే మంచిది." కింద రెండు గీతలు కూడా కొట్టారు!

అప్పలరాజు: అది... ఎవరో అన్నది రాసుకున్నానులే.

సత్యవతి: మీ అమ్మ కాపురానికొచ్చిన కొత్తలో పేద్ద కత్తి ఇచ్చింది, మొదటి కాయకే వేలు తెగింది. ఈ సిన్నదాంతో ఎన్ని కాయలు కొట్టానో మీ పొట్టకే తెలుసు. త్రీ నాట్ ఎయిట్ అని రాయండి.

(ఫోను మోగింది. అప్పలరాజు "ఊఁ... ఊఁ... శుభం తల్లీ" అని పెట్టేశాడు.)

అప్పలరాజు: లాటరీలో అల్లుడికి లైసెన్సు తగిలిందట. కాపోతే ఆడ ఎల్క్‌కి ఇచ్చారు. అక్కడ ఆడవాటికి, పోతులకి లైసెన్సులు వేరువేరు. (కలం తీసి) ఆడదంటే రెండొందల పాతిక కేజీలే కదా. అయితే త్రీ నాట్ ఎయిట్ సాలు. నేను మొదట్నుంచీ అదే అనుకుంటున్నాను.

సత్యవతి: ఏటీ? ఆడదైతే సిన్న తుపాకీ సరిపోతాదా?

అప్పలరాజు: ఇప్పటిదాకా సిన్నది కొనమని పీక పట్టుకున్నది నువ్వే కదే!

సత్యవతి: అది మగదానికి సెప్పాను.