మినీడిస్క్‌ను ఫార్మాట్ కొట్టమన్నది ఎవరండీ?

సోనీ 2025 ఫిబ్రవరిలో ఖాళీ మినీడిస్కుల (పాటలు, మాటలు రికార్డు చేసుకునే చిన్న డిస్కుల) తయారీ ఆపేసినప్పటి నుంచి ఒకటే మెసేజ్ తిరుగుతోంది: ‘మీ పాత రికార్డింగులు క్షణాల్లో కంప్యూటర్‌లోకి’. పంపేవాళ్లలో ఒక్కరైనా డిస్క్ పెట్టి చూశారా అని నా అనుమానం.

నెట్‌ఎండీ (కంప్యూటర్‌కు తగిలించే రకం మినీడిస్క్) రికార్డర్‌కు యూఎస్‌బీ తగిలిస్తే చాలు, ట్రాకులు కాపీ అయిపోతాయట. నెట్‌ఎండీ ఉన్నది కంప్యూటర్ నుంచి డిస్క్‌లోకి పాటలు ఎక్కించడానికి. మనం మైకు పెట్టి రికార్డు చేసుకున్నది వెనక్కి తీసుకోనివ్వదు సోనీ సాఫ్ట్‌వేర్. మామూలు డిస్కుల నుంచి ఆ పని చేసే సోనీ పోర్టబుల్ 2006లో వచ్చిన ఎంజెడ్-ఆర్‌హెచ్1 ఒక్కటే. అభిమానులు రాసిన వెబ్ మినీడిస్క్ ప్రో అనే సాఫ్ట్‌వేర్ ఇప్పుడు కొన్ని పాత సోనీ మోడళ్ల నుంచి కూడా లాగుతోంది. మెసేజ్‌లో దాని ఊసే లేదు.

ఫ్రిజ్ అయస్కాంతం తగిలితే డిస్క్ చెరిగిపోతుందా? లేజర్‌తో వేడెక్కితే తప్ప చెరగదు. వదిలేయండి.

320 కేబీపీఎస్ ఎంపీ3గా మారిస్తే ‘క్వాలిటీ పెరుగుతుంద’ట. మినీడిస్క్ మామూలు మోడ్ ఎస్‌పీలో చేసిన రికార్డింగ్ 292 కేబీపీఎస్ అట్రాక్, అంటే ధ్వనిని కుదించే సోనీ పద్ధతి. ఆ కుదింపులో అప్పుడే పోయింది పెద్ద అంకె తగిలిస్తే తిరిగొస్తుందా? మళ్లీ కుదిస్తే ఇంకాస్త పోతుంది. కుదించని వేవ్ ఫైల్‌గా దాచుకోండి.

అసలు ఘోరం ఇదీ: ‘డిస్క్ కంప్యూటర్‌లో డ్రైవ్‌గా కనబడకపోతే హై-ఎండీ (తర్వాత వచ్చిన, ఎక్కువ చోటిచ్చే రకం) రికార్డర్‌లో పెట్టి ఫార్మాట్ కొట్టండి, 305 ఎంబీ చోటు కూడా వస్తుంది.’ వస్తుంది, ఎందుకు రాదు, ఉన్నదంతా ఊడ్చేశాక! మామూలు ఎండీ పద్ధతిలో రికార్డయిన డిస్క్ డ్రైవ్‌గా కనబడదు. అది పాడైపోయినట్టు కాదు, దాని తీరే అంత. ఫార్మాట్ కొట్టారో, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. తాతగారి హరికథ ఉన్న డిస్క్‌ల మీదా ఈ ప్రయోగం? డిస్క్ అంచున చిన్న ప్లాస్టిక్ మీట ఉంటుంది. దాన్ని జరిపి రంధ్రం తెరుచుకునేలా పెట్టండి. అప్పుడు ఏ రికార్డరూ దానిమీద రాయలేదు, చెరపలేదు. మిగతావన్నీ ఆ తర్వాతే.

ఇంత తిట్టినా, మెసేజ్ చివర్లో ‘ఏదీ కుదరకపోతే’ అంటూ మొహమాటంగా పడేసిన మాట మాత్రం నిజం: హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి కంప్యూటర్ లైన్-ఇన్‌కు (బయటి ధ్వని తీసుకునే సాకెట్‌కు) వైరు వేసి, ప్లే చేస్తూ రికార్డు చేసుకోవడం. చాలామందికి నేను చెప్పేదీ అదే. కాపీ రక్షణ దీనికి అడ్డు రాదు. నాలుగు రెట్ల నిడివి పట్టే ఎల్‌పీ4 మోడ్‌లో నింపిన 80 నిమిషాల డిస్క్ అయితే 5 గంటల 20 నిమిషాలు పడుతుంది. వాల్యూమ్ మరీ పెంచకండి, రికార్డింగులో గొంతు పగులుతుంది. మీ మోడల్లో లైన్ అవుట్ ఉంటే దాన్నే వాడండి.