అన్నవరంలో దింపే విమానం

వైజాగ్‌లో పిన్ని గృహప్రవేశానికి అక్క ఫ్లైట్ టికెట్లు పంపిన రాత్రి సంగతి ఇది. నేను పక్క గదిలో నిద్ర నటిస్తున్నాను.

"ఏమేవ్, మోసం!"

"పెళ్లయి ముప్పై ఆరేళ్లయింది. ఇప్పుడా తెలిసింది మీకు?"

"అది కాదే. హైదరాబాద్ నుంచి వైజాగ్ రోడ్డు మీద 620 కిలోమీటర్లు. విమానం వెళ్లేది 500 చిల్లర. మిగతా 120 ఏమైనట్టు?"

"నన్నడిగితే? నేను తీశానా?"

"వైజాగ్ దాకా డబ్బులు తీసుకుని, 120 కిలోమీటర్లు ఇవతలే దింపేస్తే?"

అమ్మ వెల్లుల్లి వలవడం ఆపి లెక్కేసింది.

"120 ఇవతలంటే అన్నవరం. మంచిదేగా, వ్రతం మొక్కు అలాగే ఉండిపోయింది. కొండ మీదే దింపమనండి, మీ మోకాలికి మెట్లు తప్పుతాయి."

"వెటకారమా?"

"లేదండీ. పట్టుపంచె పైన పెట్టమంటారా, అడుగున పెట్టమంటారా?"

నాన్న ఫోన్ ఆమె ముక్కు దగ్గర పెట్టారు. అమ్మ కళ్లజోడు సవరించుకుని మ్యాప్ మీద వెల్లుల్లి రెబ్బ ఆనించింది.

"ఇదిగో, రోడ్డు విజయవాడ దాకా కిందికి దిగి, మళ్లీ వైజాగ్‌కి పైకెక్కుతోంది. విమానానికి విజయవాడలో ఏం పని? పక్కింటికి మీరు గేటు చుట్టూ తిరిగి వెళ్తారు, పిల్లి గోడ దూకి వెళ్తుంది. ఇద్దరూ చేరేది ఆ ఇంటికే."

"అంటే నేను పిల్లినా?"

"అంత హుషారెక్కడ ఏడ్చింది!"

నాన్న ఓడిపోయారు. ఒప్పుకోలేదు, అది వేరే విషయం.

"పోనీ టైము చూడు. గాల్లో గంటంబావే. కూకట్‌పల్లి నుంచి శంషాబాద్‌కి గంటన్నర. గంట ముందే కౌంటర్ మూసేస్తారు కాబట్టి రెండు గంటల ముందే ఉండాలి. దిగాక బ్యాగుల కోసం అరగంట. ఐదు గంటలు దాటిపోయింది!"

"రెండు గంటల ముందు లోకానికి. మీకు నాలుగు. పోయినసారి అక్కడ ఊడ్చేవాళ్లు మనల్ని కాళ్లెత్తమన్నారు."

"కార్లో అయితే హాయిగా పన్నెండు గంటలు."

"పన్నెండు డ్రైవర్‌కి. మీరెక్కితే సూర్యాపేటలో టీ, విజయవాడలో టిఫిన్, రాజమండ్రిలో గోదావరికి చిల్లర, ప్రతి టోల్‌గేట్ దగ్గరా బాత్రూమ్. మనం చేరేసరికి మా చెల్లి ఆ ఇల్లు అమ్మేసుకుంటుంది."

కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. తర్వాత నాన్న గొంతు, బాగా తగ్గి:

"కార్లో అయితే అన్నవరం దగ్గర హైవే మీదే ఆగి ప్రసాదం కొనొచ్చు కదా అని. ఆకులో కట్టిస్తారు... నీకిష్టమని."

అమ్మ వెంటనే ఏమీ అనలేదు. ఆమెకి మాట దొరక్కపోవడం నేను విన్నది ఆ ఒక్కసారే. అదీ నాలుగు వెల్లుల్లి రెబ్బల సేపే.

"ఈ ముక్క ముందే ఏడిస్తే ఇంత రాత్రి దాకా లెక్కలు తప్పేవిగా. వచ్చేటప్పుడు కారు మాట్లాడమంటాను అమ్మాయిని."

"నిజంగానా?"

"ఆఁ. మీ మోకాలి పట్టీ చేతిసంచిలో పెట్టాను, మళ్లీ ఇల్లంతా వెతక్కండి. కిటికీ సీటు కూడా మీదే."

"నాకెందుకు?"

"120 కిలోమీటర్లు ఎక్కడ మింగేస్తున్నాడో చూస్తూ ఉండండి."