డిశ్చార్జి అయ్యాక రోగి ఎవరి పూచీ?

ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ రోగి ఎవరి పూచీ అన్న అనుమానం ఎవరికీ రాదు. మంచానికో నంబరు, ఆ నంబరుకో డాక్టరు, షిఫ్టుకో నర్సు. అర్ధరాత్రి ఆయాసం వచ్చినా పిలిస్తే పలికే మనిషి ఉంటారు. డిశ్చార్జి కాగితం చేతికి రాగానే ఈ ఏర్పాటంతా ఒక్కసారిగా తెగిపోతుంది. నిన్నటిదాకా శిక్షణ ఉన్న నలుగురు వంతులవారీగా చేసిన పనిని ఇవాళ్టి నుంచి ఇంట్లో ఒక్కరే చెయ్యాలి. ఆ ఒక్కరు చాలాసార్లు భార్యో, కూతురో, కోడలో అయివుంటారు. నెల తిరక్కుండా రోగి మళ్లీ చేరితే మాత్రం ‘మందులు సరిగా వాడలేదు’ అని తప్పు ఇంటివాళ్ల మీదకే నెట్టేస్తాం.

అమెరికాలో ప్రభుత్వ వైద్య బీమా అయిన మెడికేర్ కింద చికిత్స పొందినవారి లెక్కలు 2009లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. డిశ్చార్జి అయినవారిలో దాదాపు అయిదోవంతు మంది 30 రోజుల్లోపే మళ్లీ ఆస్పత్రిలో చేరారు. ఈ అంకెను అందరూ చెబుతుంటారు. నన్ను ఆపింది అదే అధ్యయనంలోని ఇంకో అంకె. ఆపరేషన్ల వాళ్లను పక్కనపెట్టి, మామూలు జబ్బులతో వచ్చి నెలలోపే మళ్లీ చేరినవారిని చూస్తే, వారిలో సగం మంది విషయంలో ఆ మధ్యకాలంలో ఏ డాక్టరుకూ చూపించుకున్న బిల్లు లేదు. అంటే ఒక ఆస్పత్రి గేటుకీ ఇంకో ఆస్పత్రి గేటుకీ మధ్య వాళ్లను ఏ డాక్టరూ చూసిన జాడ లేదన్నమాట. ఆ ఖాళీలో పని చెయ్యాల్సిన మనిషి, రోగుల ఇళ్లకే వెళ్లి చూసుకునే కమ్యూనిటీ నర్సు.

ఆ ఖాళీలో ఏం జరుగుతుందో చూడాలంటే మందుల సంచి బోర్లిస్తే చాలు. పాత డాక్టరు రాసిన బీపీ మాత్ర ఒక కంపెనీ పేరుతో, ఆస్పత్రిలో రాసినది ఇంకో కంపెనీ పేరుతో ఉంటుంది. లోపలున్న మందు ఒక్కటే. పాతది ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి రెండూ వేసుకుంటుంటారు. మూడో రోజు లేవబోయి కళ్లు తిరిగి పడిపోతే అది కొత్త జబ్బు అనుకుంటారు. గుండె బలహీనమైన రోగి సంగతి చూడండి. డిశ్చార్జి సమ్మరీలో ‘రోజూ బరువు చూసుకోవాలి’ అని ఉంటుంది. ఎందుకో ఉండదు. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి బరువు పెరిగితే అది కొవ్వు కాదు, ఒంట్లో నీరు చేరుతోందని అర్థం. ఆ దశలో నీటిమాత్ర మోతాదు మారిస్తే సరిపోయే పనికి, ఎవరూ గమనించక వారం గడిస్తే అంబులెన్స్ కావాల్సి వస్తుంది. చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కి, గుంట ఎంతసేపు నిలిచిందో చూడటానికి పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. మొన్న నొక్కిన వేలే ఇవాళా నొక్కాలి, అంతే.

ఆ మాట తేలిగ్గా అనేశాను గానీ, ఇబ్బంది అంతా అక్కడే ఉంది. ఇన్సులిన్ తీసుకునేవారిని గమనించండి. నొప్పి తక్కువని పొట్ట మీద ఒకే చోట నెలల తరబడి పొడుచుకుంటుంటారు. అక్కడ చర్మం కింద మెత్తటి గడ్డలా తయారవుతుంది. అందులోకి ఎక్కించిన ఇన్సులిన్ ఒకరోజు సరిగా ఒంటికి పట్టదు, ఒకరోజు పడుతుంది. షుగరు ఎగుడుదిగుడుగా ఉందని మోతాదు పెంచుతారు. ఈలోగా కొత్త నర్సు వచ్చి, పద్ధతి ప్రకారం చోటు మార్చి, పెంచిన మోతాదే ఇచ్చేస్తుంది. మంచి చర్మంలోంచి ఇన్సులిన్ మొత్తం పట్టేసి షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. డాక్టరు, కొత్త నర్సు ఎవరి పని వాళ్లు సక్రమంగానే చేశారు. మొదటినుంచీ ఆ గడ్డను చేత్తో తడిమిన మనిషి ఆ వరసలో లేకపోవడమే లోపం. పడక పుండ్లదీ ఇదే తంతు. పుండు అంచు కిందటి వారం కంటే తేరుకుందా, లోపలికి తొలుచుకుపోతోందా అన్నది కొలతల్లో కొంతే తెలుస్తుంది. మిగతాది, కిందటి వారం కట్టు విప్పిన మనిషికే తెలుస్తుంది.

రోగిని చూసుకోవడం మధ్యలో తెగకుండా సాగడాన్ని పరిశోధకులు కొనసాగింపు అంటారు, దాన్ని మూడు రకాలుగా విడదీస్తారు. ఒకటి రికార్డుల కొనసాగింపు. రెండోది వైద్యులు, విభాగాలు ఒకే ప్రణాళిక ప్రకారం నడవడం. మూడోది రోగికీ చూసుకునే మనిషికీ మధ్య నిలిచే పరిచయం. ఆరోగ్య వ్యవస్థల డబ్బంతా మొదటిదానికే పోతోందన్నది నా ఆరోపణ. సాఫ్ట్‌వేర్‌ను టెండరు పిలిచి కొనొచ్చు, ప్రారంభోత్సవం చెయ్యొచ్చు. ఒకే నర్సు అయిదేళ్లపాటు ఒకే వీధిలో పనిచెయ్యడానికి రిబ్బను కత్తిరించలేం. పోనీ రికార్డు పక్కాగా ఉంటే చాలదా అంటే, చాలదు. ‘అంతా బాగానే ఉందమ్మా’ అని రోగి అబద్ధమాడినప్పుడు అది అబద్ధమని పట్టుకునే వీలు ఏ స్క్రీన్ మీదా ఉండదు.

ఇంటికెళ్లి చూసే నర్సింగ్ కొత్తదేమీ కాదు. 1859లో లివర్‌పూల్‌లో విలియం రాత్‌బోన్ అనే వ్యాపారి, తన భార్య చివరి రోజుల్లో సేవ చేసిన మేరీ రాబిన్సన్ అనే నర్సునే పేదల ఇళ్లకు పంపే పనిలో పెట్టాడు. 1893లో న్యూయార్క్‌లో లిలియన్ వాల్డ్ అనే నర్సు వలస కుటుంబాల మధ్యే కాపురముంటూ ఈ పని మొదలుపెట్టింది. వృత్తి పుట్టింది వీధుల్లోనే అయినా, తర్వాతి శతాబ్దంలో డబ్బూ గౌరవమూ మాత్రం ఆస్పత్రి గోడల లోపలికి వెళ్లిపోయాయి.

పనిచేస్తుందా అంటే, పనిచేసిన రుజువులున్నాయి. అమెరికా నర్సింగ్ పరిశోధకురాలు మేరీ నేలర్ బృందం 1999లో ప్రచురించిన అధ్యయనంలో, మళ్లీ ఆస్పత్రి పాలయ్యే ముప్పు ఎక్కువున్న పెద్దవయసు రోగులు 363 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఆస్పత్రిలో ఉండగానే ఒక సీనియర్ నర్సును అప్పగించారు. డిశ్చార్జి తర్వాత నాలుగు వారాలు అదే నర్సు ఇంటికొచ్చింది, ఫోనులో అందుబాటులో ఉంది. 24 వారాలు గడిచేసరికి మామూలు చికిత్స జట్టులో 37 శాతం మంది మళ్లీ ఆస్పత్రిలో చేరితే, ఈ జట్టులో 20 శాతమే. వార్డులో మొహం చూసిన నర్సే గుమ్మంలోకి రావడం ఇందులో కీలకం అని నా నమ్మకం.

ఇక్కడితో ఆపేస్తే వ్యాసం అందంగా ఉంటుంది, నిజాయితీగా ఉండదు. అమెరికాలోనే క్యామ్‌డెన్ నగరంలో, పదేపదే ఆస్పత్రి పాలయ్యే రోగుల ఇళ్లకు నర్సులు, సామాజిక కార్యకర్తలతో కూడిన బృందాలను పంపే కార్యక్రమం చాలాకాలం ఆదర్శంగా వెలిగింది. 800 మందితో పకడ్బందీగా పరీక్షించి 2020లో ఫలితం చెప్పారు. ఆరు నెలల్లో మళ్లీ చేరినవారు కార్యక్రమంలో ఉన్నవారిలో 62.3 శాతం, లేనివారిలో 61.7 శాతం. అంటే తేడా లేదు. ఇళ్లకు పంపడం దండగ అని దీన్ని చదివేవాళ్లున్నారు. నేనలా చదవను. వాళ్లది ఒక్క జబ్బు కాదు. ఇల్లు లేకపోవడం, మత్తు అలవాటు, మానసిక సమస్యలు అన్నీ కలిసిన చిక్కు. పైగా అనుకున్న గడువులో ఇంటికి వెళ్లడం, డాక్టరుకు చూపించడం రెండూ జరిగింది మూడోవంతు కంటే తక్కువ మందికే. బృందం ఎంత మంచిదైనా, అది రోగిని అప్పగించాల్సిన క్లినిక్కులో అపాయింట్‌మెంట్ దొరక్కపోతే ఏం చేస్తుంది? నర్సు రావడం ఒక్కటే మందు కాదు. నర్సు పిలిస్తే పలికే వ్యవస్థ వెనకాల ఉండాలి.

నెదర్లాండ్స్ అనుభవం ఇంకో పాఠం చెబుతుంది. అక్కడ ఇంటి నర్సింగును ఒక దశలో నిమిషాల లెక్కన ముక్కలు చేశారు. సూదికి ఇన్ని నిమిషాలు, స్నానానికి ఇన్ని, కట్టు మార్చడానికి ఇన్ని. చౌక పనికి చౌక మనిషి, ఖరీదు పనికి ఖరీదు మనిషి. కాగితం మీద పొదుపే. రోగికి మాత్రం రోజుకో కొత్త మొహం, ప్రతి మొహానికీ మొదటినుంచీ కథ చెప్పుకోవడం. ఈ పద్ధతితో విసిగిన యోస్ ద బ్లోక్ అనే నర్సు 2006లో బ్యూర్ట్‌జోర్ఖ్ సంస్థను పెట్టాడు. పన్నెండు మందికి మించని నర్సుల బృందం, ఒక పేట, పైన మేనేజరు లేడు. స్నానం నుంచి సూది దాకా ఒకే నర్సు చూస్తుంది. గంట ఖరీదు పెరిగినా, కేటాయించిన గంటల్లో సగం కూడా వాడకుండానే పని పూర్తయిందని 2009 నాటి ఒక మదింపు తేల్చింది. ఇందులో ఆశ్చర్యమేం లేదు. స్నానం చేయించేటప్పుడే కదా వీపు మీద ఎర్రబడిన చోటు కనిపించేది.

ఇక్కడ పేచీ అధికారం దగ్గర వస్తుంది. బరువు పెరిగిందని నర్సు గుర్తించింది. నీటిమాత్ర మోతాదు మార్చే హక్కు ఆమెకు లేదు. డాక్టరుకు ఫోను చేస్తే ఎత్తరు, ఎత్తితే ‘ఆస్పత్రికి పంపించెయ్’ అంటారు. అలాంటప్పుడు ఆమె అంత దూరం వచ్చి చేసింది కబురు మోయడమే. ముందే రాసిపెట్టుకున్న హద్దుల్లో మోతాదు సవరించే స్వేచ్ఛ, నేరుగా స్పెషలిస్టుతో మాట్లాడే దారి లేకుండా కమ్యూనిటీ నర్సింగ్ అంటే రిజిస్టర్లు నింపే ఉద్యోగమే. ఈ మాటకు వైద్యుల సంఘాల నుంచి అభ్యంతరం వస్తుందని తెలుసు. రోగి భద్రత కోసమే అంటారు. అదే రోగిని ఏ అధికారమూ, ఏ శిక్షణా లేని కుటుంబం చేతుల్లో పెట్టేటప్పుడు ఆ భద్రత గుర్తుకురాదేమో.

నిజంగా ఆలోచించాల్సిన అభ్యంతరం ఇంకొకటుంది. రోజూ చూసే కంటికి నెమ్మదిగా వచ్చే మార్పు కనిపించకపోవచ్చు. చిక్కిపోతున్న మనిషిని ఇంట్లోవాళ్లకంటే ఆర్నెల్ల తర్వాత వచ్చిన చుట్టమే ముందు పసిగడతాడు. ఒకే నర్సు మీద ఆధారపడితే ఆమె సెలవు పెట్టినరోజు రోగికి టెన్షన్, సెలవు పెట్టలేక ఆమెకు నలుగుడు. అందుకే ఒకరు కాదు, ఇద్దరు ఉండాలి. ప్రధానంగా ఒకరు, అప్పుడప్పుడూ వచ్చే తోడు నర్సు ఒకరు. ఇద్దరికీ రోగి తెలిసుండాలి, ఇద్దరూ వారానికోసారి కూర్చుని మాట్లాడుకోవాలి. ఆ మాట్లాడుకునే గంటను పనిగంటగా లెక్కగట్టి జీతం ఇవ్వాలి. బడ్జెట్లలో మొదట కోతపడేది ఆ గంటకే.

ప్రస్తుతం ఇలాంటి కార్యక్రమాలను ఎన్ని ఇళ్లకు వెళ్లారు, ఎన్ని ఫారాలు నింపారు అన్న అంకెలతో కొలుస్తున్నారు. ఆ అంకె పెరగాలంటే ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లను పంపడమే సులువు, కాబట్టి కొలబద్దే కొనసాగింపును చంపుతోంది. దాని పక్కనే ఇంకో గడి చేర్చాలి. డిశ్చార్జి అయిన నెల రోజుల్లో ఒక్కో రోగి గుమ్మం తొక్కిన వేర్వేరు నర్సులు ఎంతమంది? ఆ అంకె రెండు దాటిన ప్రతి చోటా ఎందుకు దాటిందో కార్యక్రమం నడిపేవాళ్లు రాతపూర్వకంగా జవాబు చెప్పాలి.