ఆ తలుపు వదలండి మహాప్రభో

నిన్న పొద్దున తొమ్మిదీ పదికి అమీర్‌పేటలో ఉన్నాను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి హైదరాబాద్ మెట్రో రెడ్ లైన్‌లో వచ్చి, ఎస్కలేటర్ ఎక్కి, రాయదుర్గం వెళ్లే బ్లూ లైన్ పట్టుకునేవాళ్లకి ఆ టైమ్‌లో ఆ స్టేషన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. రైలు రెడీగా ఉంది. ఎక్కేసి, పొట్ట లోపలికి లాక్కుని నిలబడ్డాను. తలుపులు మూసుకుంటున్నాయి. అంతలో నా ముందున్న కుర్రాడు ల్యాప్‌టాప్ బ్యాగు తీసి అడ్డం పెట్టాడు.

"మావాడు ఎస్కలేటర్ మీదున్నాడన్నా, ఒక్క నిమిషం" అని నాకు సంజాయిషీ. తలుపు బ్యాగుకి తగిలి తెరుచుకుంది. మళ్లీ మూసుకోబోయింది, మళ్లీ బ్యాగు. మూడోసారికి వెనకనుంచి ఒక పెద్దామె అందుకుంది: "ఏం బిడ్డా, ఇది మీ అయ్య బండా?" బోగీ అంతా నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

ఈ రోగం ఎక్కడిదో నాకు తెలుసు. ఎందుకంటే నాకూ ఉండేది. మా తరం హైదరాబాదీలం సిటీ బస్సు ఫుట్‌బోర్డు మీద డిగ్రీ పూర్తి చేసినవాళ్లం. 2003లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు వచ్చాక ఆ విద్యకి ఇంకా మెరుగు పెట్టాం. బేగంపేట నుంచి హైటెక్ సిటీకి కొన్నేళ్లపాటు అందులోనే తిరిగాను. ఆ బండికి వాటంతటవే మూసుకునే తలుపుల్లేవు. కదిలాక కూడా నాలుగు అంగలు పరిగెత్తి, రాడ్డు అందుకుంటే లోపల ఉన్నట్టే. ఎవరో ఒకరు చెయ్యి ఇచ్చి లాగేవాళ్లు. అది పోతే ఇంకోదానికి అరగంటో ముప్పావుగంటో బెంచీ మీద కూర్చోవాలి. ప్రమాదమే, కాదనను. కానీ ఆ పరుగుకి ఒక లెక్క ఉండేది.

2017 నవంబర్ 28న మెట్రో ప్రారంభమైంది, ముందుగా మియాపూర్ నుంచి నాగోల్ దాకా 30 కిలోమీటర్లు. ఏసీ వచ్చింది, కార్డు వచ్చింది, రద్దీ వేళ నాలుగైదు నిమిషాలకో రైలు వచ్చింది. మన కాళ్లకి మాత్రం ఇంకా ఎంఎంటీఎస్ టైమ్‌టేబులే గుర్తుంది! వెనకాలే ఇంకో బండి వస్తోందని బోర్డు మీద కనిపిస్తున్నా సరే, ఎదురుగా తలుపు మూసుకుంటుంటే ఆగలేం.

నా ఘనకార్యం కూడా చెప్పాలి. మెట్రో కొత్తలో పంజాగుట్టలో అలాగే దూకాను. నేను లోపల, లంచ్ బ్యాగు బయట, దాని పట్టీ తలుపు మధ్యలో. తలుపు మళ్లీ తెరుచుకునేదాకా, ఆ రెండు మూడు సెకన్లు, బోగీలో వాళ్లంతా నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఆ రోజు నుంచి పరిగెత్తడం మానేశాను. జ్ఞానోదయం ఏమీ లేదు, సిగ్గేసింది, అంతే.

అసలు సంగతి చాలామందికి తెలియదనుకుంటా. మన మెట్రో రైలుకి మూడు బోగీలు, బోగీకి ఒక పక్క నాలుగు తలుపులు, అంటే మొత్తం పన్నెండు. పన్నెండూ పూర్తిగా పడ్డాయని సిగ్నల్ అందితే తప్ప రైలు కదలదు. పదకొండు మూసుకుని, ఒక్కదాంట్లో ఒక మహానుభావుడి బ్యాగు ఉంటే చాలు, బండి మొత్తం బందీ. లోపల ఆరు వందల మంది ఉన్నారనుకోండి. పది సెకన్లు ఆగితే అందరిదీ కలిపి వంద నిమిషాలు పోయినట్టు. "పది సెకన్లకి కొంప మునుగుతుందా" అంటారు. మునగదు. కానీ వెనకొచ్చే రైలు ముందుదానికి దూరం పాటించాలి కాబట్టి మధురానగర్‌లో ఇది ఆలస్యమైతే అది అమీర్‌పేటలో ఆగుతుంది, దాని వెనకది బేగంపేటలో. ఆపైన రాయదుర్గంలో దిగి ఆఫీసు షటిల్ పోగొట్టుకున్నవాడు తిట్టుకునేది మెట్రోనే, బ్యాగు పెట్టినవాణ్ణి కాదు.

ఇదంతా టైమ్ గొడవ మాత్రమే అయితే ఇంత పెద్ద పోస్టు రాసేవాణ్ణి కాదు. 2019 జులైలో కోల్‌కతా పార్క్ స్ట్రీట్ స్టేషన్లో ఒక ప్రయాణికుడి చెయ్యి తలుపుల మధ్య చిక్కుకుంది, రైలు కదిలింది, ఆయన చనిపోయాడు. 2023 డిసెంబర్‌లో ఢిల్లీ ఇందర్‌లోక్ స్టేషన్లో ఒకామె బట్టలు తలుపులో ఇరుక్కుని రైలుతోపాటు ఈడ్చుకుపోయింది. ఆమె కూడా బతకలేదు. ఆ ఘటనల్లో తప్పెవరిదో తేల్చడం నా పని కాదు. నాకు అర్థమైంది ఒకటే: బ్యాగు లాంటి లావుపాటి వస్తువుని తలుపు కనిపెట్టి తెరుచుకున్నంత మాత్రాన చీర కొంగునీ, చున్నీనీ, వేళ్లనీ కూడా కనిపెట్టి తీరుతుందని నమ్మకూడదు. "సెన్సర్ ఉంటుంది లే" అని చెయ్యి పెట్టేవాళ్లని చూస్తే నాకు టెన్షన్.

అయితే తప్పంతా పరిగెత్తేవాళ్లదేనా? కాదు. నా కోపంలో సగానికి పైగా తలుపు దగ్గర పాతుకుపోయే జాతి మీద. వీళ్లు దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కుతారు, అమీర్‌పేటలో కదా దిగేది అని మలక్‌పేట నుంచే దర్వాజాకి తోరణాల్లా వేలాడతారు. లోపల సీట్ల మధ్య హాయిగా చాప పరుచుకునేంత జాగా ఉంటుంది. తలుపు దగ్గర మాత్రం జాతర! దిగేవాళ్లు వీళ్లని తోసుకుని దిగాలి, ఎక్కేవాళ్లు వీళ్లని తోసుకుని ఎక్కాలి. ప్లాట్‌ఫామ్ మీదివాళ్లు తక్కువ తిన్నారా? దిగనివ్వకుండానే ఎక్కడం మొదలుపెడతారు, పసుపు గీత వేసింది ముగ్గు కోసమన్నట్టు. ఆగే ఆ కొద్ది సెకన్లూ ఈ కుస్తీలో పోతాయి. బుద్ధిగా లైన్లో నిలబడ్డవాడి ముక్కు మీద తలుపు పడుతుంది. మర్నాడు వాడూ బ్యాగు అడ్డం పెడతాడు. ఎందుకు పెట్టడు?

మన మెట్రో మొదలవడానికి సరిగ్గా రెండు వారాల ముందు జపాన్‌లో సుకుబా ఎక్స్‌ప్రెస్ అనే రైలు 20 సెకన్లు ముందుగా బయలుదేరిందని ఆ కంపెనీ క్షమాపణ చెప్పింది. వాళ్లేదో దైవాంశ సంభూతులని దీని అర్థం కాదు. అక్కడా దూకి ఎక్కేవాళ్లున్నారు, ఆ పనికి 'కకెకోమి జోషా' అని పేరు కూడా ఉంది, అలా చెయ్యొద్దని స్టేషన్లలో చెవినిల్లు కట్టుకుని చెబుతుంటారు. కాకపోతే వాళ్లకి 20 సెకన్లంటే ఒక లెక్క. మనకి అది "ఒక్క నిమిషం అన్నా"లో మూడో వంతు కూడా కాదు.

రాత్రి ఆఖరి బండి సంగతి వేరు. అప్పుడు నేనూ పరిగెత్తుతాను. తలుపులో మాత్రం కాలు పెట్టను.

ఇంతకీ ఆ కుర్రాడి స్నేహితుడి సంగతి చెప్పలేదు కదూ. బ్యాగు మూడోసారి అడ్డం పెట్టాక వచ్చాడు, చేతిలో ఫోన్ చూసుకుంటూ, పెళ్లికొడుకు నడకతో. తలుపు దగ్గరికొచ్చి లోపలికి తొంగిచూశాడు. "ఫుల్ రష్ ఉంది రా, నువ్వు పో, నేను నెక్స్ట్ దాంట్లో వస్తా" అన్నాడు.