చెమట పట్టనివాడే పెద్ద గురువు

కుంగ్‌ఫూ బడిలో కుంగ్‌ఫూ నేర్పుతారనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. వాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు. చైనాలో హెనాన్ రాష్ట్రం, డెంగ్‌ఫెంగ్ అనే ఊరు. పక్కనే సోంగ్‌షాన్ కొండలు, ఆ కొండల్లో షావోలిన్ అనే బౌద్ధ గుడి. గుడి పేరు చెప్పుకుని ఊరంతా కుంగ్‌ఫూ బడులే. 1978లో మొదలైన తాగౌ అనే ఒక్క బడిలోనే 30 వేల మందికి పైగా పిల్లలున్నారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో తెల్లబట్టలు వేసుకుని, వలయాలుగా నిలబడి తాయ్‌చీ అనే నెమ్మది కదలికల విద్య ప్రదర్శించింది ఈ బడివాళ్లే.

అన్ని వేలమందిని ఒక్క ఈలకి కదిలించేది పిడికిలి బలం అనుకుంటే పొరపాటు. అది హోదా బలం. ఆ హోదాల నిచ్చెనను కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా పరిశీలించి ఈ వ్యాసకర్త ఒక సూత్రం కనిపెట్టాడు: ఒంటి చెమటకీ హోదాకీ చుక్కెదురు. చెమట తగ్గేకొద్దీ గౌరవం పెరుగుతుంది. నోబెల్ కమిటీవారు గమనించగలరు.

కింది మెట్టు మీద కొత్తగా చేరిన కుర్రాడుంటాడు. అల్లరి భరించలేక తెచ్చి పడేసినవాళ్లు కొందరు, అమ్మానాన్నా ఎక్కడో పట్నంలో పనికి పోతే ఇంట్లో చూసుకునే దిక్కులేక వచ్చినవాళ్లు కొందరు. వాడి కలలో కత్తి ఉంటుంది, ఈటె ఉంటుంది. చేతికిచ్చేది మాత్రం బొంత. తెల్లారి అయిదున్నర ప్రాంతంలో ఈల వినపడగానే లేచి, ఆ బొంతను టోఫు (సోయా పాల పనీర్) దిమ్మలా నలుచదరంగా, మూలలు పదునుగా తేలేలా మడవాలి. దూది బొంతకి మూలలెక్కడివి? అందుకే మోకాలితో తొక్కి, ముంజేత్తో దువ్వి, అంచుల్ని వేళ్లతో గిల్లి గిల్లి మూలలు పుట్టిస్తాడు. తనిఖీకి వచ్చినవాడికి నచ్చకపోతే బొంత నేల మీద పడుతుంది, మళ్లీ మొదలు. రేపు శత్రువు మంచం, పరుపుతో సహా దాడికి వచ్చాడే అనుకోండి, ఈ విద్య ఎంత అక్కరకొస్తుందో వేరే చెప్పాలా?

తర్వాత పరుగు. తర్వాత కాలెత్తి గోడకి ఆనించి, తొడ నరం తెగుతుందేమో అనిపించేదాకా సాగదీయడం. తర్వాత మాబు. మన బళ్లలో ఎక్కాలు రానివాడికి వేసే గోడకుర్చీలోంచి గోడ కూడా తీసేస్తే అదే మాబు. మనవాళ్లు శిక్ష అన్నదాన్ని చైనావాళ్లు పునాది అన్నారు, ఫీజు కూడా తీసుకున్నారు. సగం రోజు మామూలు చదువూ ఉంటుంది. దాని గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, పిల్లలు కూర్చుని నిద్రపోయే సమయం అది.

ఆ పై మెట్టు క్లాస్ లీడర్‌ది. వాడికీ చెమట పడుతుంది కానీ, పక్కవాడి చెమటను లెక్కగట్టే అధికారం ఉంటుంది. ఆ పైన అసిస్టెంట్ కోచ్. ఇరవై నిండీ నిండని కుర్రాడు, అదే బడిలో పెరిగి అక్కడే మిగిలిపోయినవాడు. చేతిలో కర్ర. చిన్నప్పుడు తిన్న దెబ్బల బాకీని, ఆ దెబ్బలతో ఏ సంబంధమూ లేనివాళ్లకి వడ్డీతో సహా చెల్లిస్తుంటాడు. ఆ పైన కోచ్. ఏ పట్టయినా ఒక్కసారి చేసి చూపిస్తాడు, మిగతాదంతా ఈల చూసుకుంటుంది.

ఇక హెడ్ కోచ్. ఈయన్ని గుర్తుపట్టడం తేలిక, చేతిలో స్టీలు ఫ్లాస్కు ఉంటుంది. పిల్లలంతా ఒంటికాలి మీద నిలబడి ఉంటారు. ఆయన మూత తిప్పుతారు. పైకి తేలిన టీ ఆకుని ఊదుతారు. ఆకు పక్కకి పోదు. మళ్లీ ఊదుతారు. వెనక వరసలో ఒకడి పిక్క వణకడం మొదలవుతుంది. ఆయన ఒక గుటక వేసి, ఎటూ చూడకుండా, ఆ వణికినవాడి పేరు పిలుస్తారు. ముప్పై ఏళ్ల సాధన లేనిదే ఇది సాధ్యం కాదు, ఇందులో వెటకారం లేదు. హెడ్ కోచ్ పైన ప్రిన్సిపాల్. ఆయన మైదానంలో కనపడరు, గోడ మీద ఫొటోల్లో అధికారులతో కరచాలనం చేస్తూ కనపడతారు. ఫొటోకి చెమట పట్టదు కదా.

ఈ నిచ్చెనకి సమాంతరంగా చుట్టరికాల నిచ్చెన ఒకటి ఉంది. గురువుగారి గురువు తాతగారు, గురువుగారికి సీనియర్ పెదనాన్న, జూనియర్ చిన్నాన్న. పెళ్లి కార్డులో పేర్ల వరస తప్పితే ఊరు ఊరంతా అలిగే మనకి ఇది చప్పున అర్థమవుతుంది. ఇంగ్లీషువాళ్లకి పాపం అర్థం కాక, అందరినీ కలిపి ‘మాస్టర్’ అని ఊరుకుంటారు. ఇందులో వయసుకి విలువ లేదు, ముందెవరు చేరితే వాళ్లే అన్న. అందుకని జర్మనీ నుంచి వచ్చిన నలభై ఏళ్ల ఇంజనీరు కూడా, ముందు చేరిన పదేళ్ల పిల్లాడికి తమ్ముడే అవుతాడు.

మామూలు విద్యార్థి వేరు, అంతరంగ శిష్యుడు వేరు. రెండోవాడు కావాలంటే గురువు ముందు మోకరిల్లి, నేలకి తల ఆనించి మూడుసార్లు మొక్కి, రెండు చేతులా టీ అందించాలి. దాంతోపాటు డబ్బు పెట్టిన ఎర్ర కవరు కూడా. కవరు ఎంత మందం ఉండాలో శాస్త్రాల్లో లేదు, ముందు మొక్కినవాళ్లు చెబుతారు.

1998 నుంచి ప్రభుత్వమూ వుషూకి, అంటే చైనా యుద్ధవిద్యలకి, తొమ్మిది అంచెల ర్యాంకులు పెట్టింది. కింది అంచెలకి చేసి చూపించాలి. 7 నుంచి 9 దాకా ఎక్కాలంటే విద్యకి చేసిన సేవ, పరిశోధన, పేరుప్రతిష్ఠ లెక్కలోకి వస్తాయి. నా సూత్రానికి ఇంతకంటే సర్కారీ ముద్ర ఏం కావాలి?

అసలు ఈ బడుల జాతరకి ఊపిరి పోసింది 1982లో షావోలిన్ గుడి మీద వచ్చిన సినిమా. అందులో హీరో జెట్ లీని చూసి దేశం నలుమూలల నుంచీ పిల్లలు ఇళ్లలోంచి పారిపోయి మరీ వచ్చారు. ఆయన మాత్రం షావోలిన్‌లో చదవలేదు, బీజింగ్ వుషూ జట్టులో తయారైనవాడు. ఆ సంగతి బొంతలు మడుస్తున్నవాళ్లకి ఎవరూ చెప్పినట్టు లేదు.

నిచ్చెన కొసన ఉండేది గుడి మఠాధిపతి. సన్యాసులందరికీ ఇంటిపేరు ఒకటే, శాక్యముని పేరులోంచి వచ్చిన ‘షి’. ఆ తర్వాతి అక్షరం 70 అక్షరాల పద్యంలోంచి తరానికొకటి చొప్పున వస్తుంది. అది వింటే చాలు, ఎవరికి ఎవరు వంగాలో తేలిపోతుంది. 1999లో పీఠమెక్కిన షి యోంగ్‌షిన్‌ను లోకం ‘సీఈఓ సన్యాసి’ అంది. పర్యాటకాన్ని పెంచినందుకు 2006లో స్థానిక ప్రభుత్వం ఆయనకి ఖరీదైన కారు ఇచ్చింది. ఆస్ట్రేలియాలో గుడి, హోటల్, గోల్ఫ్ మైదానం కట్టడానికి స్థలం బేరం కూడా నడిచింది. గోల్ఫ్! కర్ర పట్టుకోవడమూ ఉంది, చెమటా పట్టదు, షావోలిన్ కర్రసాముకి తార్కికమైన ముగింపు. 2025 జులైలో గుడి డబ్బు దుర్వినియోగం వగైరా ఆరోపణల మీద దర్యాప్తు మొదలైంది, చైనా బౌద్ధ సంఘం ఆయన సన్యాస పత్రాన్ని రద్దు చేసింది. పాతికేళ్ల తర్వాత ఆయనకి మళ్లీ చెమటలు పట్టి ఉంటాయి, హోదా పోయింది కనుక. సూత్రం రెండువైపులా పనిచేస్తుందన్నమాట.

చదువు ముగిసిన కుర్రాళ్లలో కొందరు సైన్యంలోకి, పోలీసుల్లోకి, కొందరు సినిమాల్లో దెబ్బలు తినడానికి వెళ్తారు. చాలామంది సెక్యూరిటీ గార్డులవుతారు. కొందరు కోచ్‌లై బొంతల తనిఖీకి వస్తారు.

మనవాళ్లు ఈ విద్యని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. మన పట్నాల్లో పార్కు గోడ మీద ‘షావోలిన్’ బోర్డు లేని పేట అరుదు. చైనావాడి తొమ్మిది అంచెలు ఎవరికి కావాలి? జపాన్ జూడో నుంచి వచ్చిన బెల్టులు తెచ్చి చైనా విద్యకి కట్టాం. ఫ్లెక్సీలో మాస్టర్‌గారు గాల్లో ఎగిరి తన్నుతుంటారు, జుట్టుని బట్టి అది కనీసం ఇరవై ఏళ్ల కిందటి ఫొటో. కింద పిల్లలు ఎండలో గుద్దులు గుద్దుతుంటే, ఆయన వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, బెల్టు టెస్టు ఫీజు ఫోన్‌లో పడిందా లేదా అని చూసుకుంటుంటారు. ఆదివారం డెమోలో చేత్తో పగలగొట్టాల్సిన పెంకులు మాత్రం ఎవరివి వాళ్లే ఇంటి నుంచి తెచ్చుకోవాలట.