ఫ్యాన్ వేయాలా, ఆపాలా? రేకుల కప్పు కింద మామా అల్లుళ్ళ వాదన

తిరుపతి బైరాగిపట్టెడలో మేం వెళ్ళే జిమ్ రెండో అంతస్తులో ఉంటుంది, పైన రేకుల కప్పు. మే నెలలో పొద్దంతా ఎండకి కాగిన ఆ రేకులు సాయంత్రం ఆరు దాటినా వేడి కక్కుతూనే ఉంటాయి. ట్రెడ్‌మిల్లుల ఎదురుగా గోడకి రెండు ఫ్యాన్లు, బరువులెత్తే మూలలో ఒక పెద్ద స్టాండ్ ఫ్యాన్. మామ (సైన్యంలో చేసి రిటైరయ్యాడు, 58 ఏళ్ళు) రాగానే వాటిని ఆపేస్తాడు, అల్లుడు (ఆయన అక్క కొడుకు, పొద్దున పూట ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో పరిగెత్తే కుర్రాడు) వచ్చి మళ్ళీ వేస్తాడు. నెల రోజులుగా స్విచ్‌బోర్డు దగ్గర నడుస్తున్న ఈ గొడవ మొన్న తేల్చేద్దామని ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. నేను అల్లుడి పక్షం, ముందే చెప్పేస్తున్నా. అయినా మామ అన్న రెండు మాటలు నన్ను ఇంకా వదల్లేదు, అందుకే రాస్తున్నా.

మామ: ఇక్కడికి వచ్చేదే చెమట పట్టించడానికి కదా అల్లుడూ. పట్టిన చెమటని ఫ్యాన్ వేసి ఆర్పేసుకుంటే ఇంక చేసిందేముంది? ఫ్యాన్ లేకుండా గంట చేస్తే నా బనీను పిండితే నీళ్ళు కారతాయి. ఒళ్ళు తేలికవుతుంది. కాటా ఎక్కి చూస్తే కిలో తగ్గి ఉంటాను.

అల్లుడు: ఆ కిలో సంగతే చూద్దాం మామా. నిన్న మీరు మొదలుపెట్టే ముందు కాటా 78.3 చూపించింది, అయిపోయాక 77.2. ఆ తర్వాత లీటరు బాటిల్ మొత్తం తాగేసి నేను అడిగితే మళ్ళీ ఎక్కారు, 78.2. కొవ్వే కరిగుంటే నీళ్ళు తాగినంత మాత్రాన తిరిగొస్తుందా? పోయింది నీళ్ళే, వచ్చిందీ నీళ్ళే.

(ఇది నా మీద కూడా నాలుగైదుసార్లు చూసుకున్నాను. ప్రతిసారీ ఇంతే.)

మామ: సరే, కొవ్వు సంగతి వదిలెయ్. ఒంట్లో వేడన్నా బయటికి పోతుంది కదా, చెమట పట్టేది అందుకేగా.

అల్లుడు: చెమట పడితే పోదు మామా, ఆరితే పోతుంది. అమ్మమ్మ మట్టికుండని ఎక్కడ పెట్టేదో గుర్తుందా? కిటికీ పక్కన, గాలి తగిలే చోట. గాలాడని మూలన పెడితే నీళ్ళు చల్లబడవని ఆమెకి తెలుసు. కుండలోంచి ఊరిన చెమ్మ గాలికి ఆవిరైపోతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది, మన చర్మమూ అంతే. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దానితోపాటు సుమారు 580 కిలోక్యాలరీల వేడి పోతుంది. అదే చెమట బొట్లుబొట్లుగా కింద రాలిపోతే ఒంటికి దక్కే చల్లదనం దాదాపు ఏమీ ఉండదు, నీళ్ళూ ఉప్పూ పోవడం తప్ప. నిన్న మీరు ట్రెడ్‌మిల్ మీద ఉన్నప్పుడు పక్కనే ఉన్నాను. మీ గడ్డం మీంచి కారిన చెమట బోర్డు మీద మడుగు కట్టి, స్పీడు తగ్గించే బటన్ తడికి పనిచేయక మూడుసార్లు నొక్కారు. ఒళ్ళు మిమ్మల్ని చల్లబరచుకుందామని బయటికి పంపిన నీళ్ళు అవి, గాలి లేక అట్లా వృథాగా కారిపోయాయి.

మామ: నువ్వు కుండ గురించి చెప్పావు, నేను జైసల్మేర్ గురించి చెప్తా విను. అక్కడికి పోస్టింగ్ మీద పోయిన కొత్తల్లో పది నిమిషాలు నడిస్తే గుండె దడదడలాడేది. మొదటి రెండు వారాలు మాకు పని కొద్దికొద్దిగానే పెంచేవాళ్ళు. ఆ తర్వాత అదే ఎండ, అదే బరువు, అయినా మనిషి నిలబడేవాడు. ఒళ్ళు నేర్చుకుంటుంది అల్లుడూ, దానికి నేర్పాలి. వచ్చే నెల అలిపిరి నుంచి నాతో నడిచి ఎక్కుతానన్నావే, 3,550 మెట్లు, దగ్గరదగ్గర తొమ్మిది కిలోమీటర్లు. నిత్యం గాలి కింద పెంచిన ఒళ్ళు వేసుకుని వస్తే మోకాళ్ళ పర్వతం దగ్గర నీకు ఫ్యాన్ ఎవరు పడతారు?

(మామ మాటల్లో నన్ను పట్టుకున్న మొదటిది ఇదే. వేడికి అలవాటు పడడం ఉత్తమాట కాదు. పది పద్నాలుగు రోజులు వేడిలో కొద్దికొద్దిగా శ్రమ పెంచుకుంటూ పోతే ఒంట్లో రక్తద్రవం పెరుగుతుంది, చెమట ముందుగానే మొదలవుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది. అల్లుడూ దీన్ని కాదనలేదు.)

అల్లుడు: నిజమే, ఒళ్ళు నేర్చుకుంటుంది. కానీ అలిపిరి మెట్ల మీద గాలిగోపురం దగ్గరికి రాగానే అందరూ ఎందుకు కూలబడతారు మామా? అక్కడ గాలి తగులుతుంది కాబట్టి. పేరులోనే ఉంది. ఎండలో మేడ మీద నడిచినా సరే, నడిచేవాడికి ఎంతో కొంత గాలి ఎదురొస్తుంది. ట్రెడ్‌మిల్ మీద మనిషి గంటకి పది కిలోమీటర్ల వేగంతో పరిగెత్తినా ఉన్నచోటే ఉంటాడు, వాడి చుట్టూ ఉన్న గాలి కదలదు, వాడి వేడీ తడీ వాడినే చుట్టుకుని ఉంటాయి. కండరాలు ఖర్చు పెట్టే శక్తిలో పావు వంతు కూడా పనిగా మారదు, మిగతాదంతా వేడే. ఆ వేడి ఎక్కడికి పోవాలి? ఇంకో మాట. అక్కడ మిమ్మల్ని కనిపెట్టుకుని ఉండే పై ఆఫీసర్ ఉండేవాడు, ఎవరికి ఎంత పెంచాలో చూసేవాడు. ఇక్కడ ఎవరున్నారు? పోయిన వారం ఆ డిగ్రీ కుర్రాడు మధ్యాహ్నం అన్నం తినకుండా వచ్చి, ట్రెడ్‌మిల్ దిగి, గోడ పట్టుకుని అట్లాగే జారిపోయాడు. పెదాలు తెల్లబడిపోయాయి. ఆ రోజు ఫ్యాన్లు ఆపింది మీరే మామా.

మామ: (కాసేపు ఏమీ అనలేదు, తువ్వాలు మడతపెట్టి మళ్ళీ విప్పాడు) వాడికి నీళ్ళు తాగించింది కూడా నేనే. పేరు అడిగితే చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది వాడికి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అది నా తప్పే, ఒప్పుకుంటున్నా. నాకు అలవాటున్న వేడి అందరి మీదా పెట్టకూడదు.

అల్లుడు: మీరొక్కరే అని కాదు. పది గంటల లేడీస్ బ్యాచ్‌లో బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు ఉన్నారు, చుడీదార్ మీద చున్నీ కట్టుకుని చేసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు ఫ్యాన్ వేయమని అడగడానికే మొహమాటపడతారు.

మామ: అయితే నా మాట కూడా ఒకటి పూర్తిగా విను. నీ ఫ్యాన్ ఎప్పుడూ చల్లబరుస్తుందనుకోకు. చర్మం వేడి ముప్పై అయిదు దగ్గర ఉంటుంది. గది అంతకన్నా వేడెక్కిందంటే ఫ్యాన్ విసిరేది వేడి గాలే. చెమట ఆరుతున్నంతసేపు ఎట్లాగో నెట్టుకొస్తావు, నలభై దాటాక అది వడగాలికి ఎదురు నిలబడ్డట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా నలభై దాటితే ఫ్యాన్‌ని నమ్ముకోవద్దంటుంది. మన ఊళ్ళో మే నెల మధ్యాహ్నాలు నలభై రెండు కూడా చూశాం, ఈ రేకుల కింద ఇంకా ఎక్కువే ఉంటుంది. ఆ పూట ఫ్యాన్ వేసి పరిగెత్తమనడం కన్నా తాళం వేయడం మేలు.

అల్లుడు: దానికి నా దగ్గర జవాబు లేదు. మధ్యాహ్నం బ్యాచ్ మేలో మూసేయాల్సిందే. కూలర్ పెడదామని ఓనర్ అంటున్నాడు కానీ...

మామ: కూలరా! కిటికీలు మూసిన గదిలో కూలర్ పెడితే గదంతా తేమ. తేమలో చెమట ఆరదని ఇప్పుడే కదా కుండ చూపించి చెప్పావు.

అల్లుడు: అవును, ముందు వెనక కిటికీలు తెరిచి ఎగ్జాస్ట్ పెట్టాలి. ఏసీ అయితే మంచిదే. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ జిమ్‌లకి 20 నుంచి 22 డిగ్రీలు, తేమ 60 శాతం లోపు ఉండాలంటుంది.

మామ: ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు ఒక జిమ్‌లో పద్దెనిమిదికి పెడతారు, నేనూ పోయి చూశాను. ఒక సెట్ ఎత్తి మూడు నిమిషాలు కూర్చుంటే తడి బనీను మంచుగడ్డలాగా వీపుకి అంటుకుంటుంది, రెండో సెట్‌కి ఒళ్ళు బిగుసుకుపోయి ఉంటుంది. మనదేశంలో కొత్త ఏసీలన్నీ 2020 నుంచి 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలని రూలు పెట్టారు, అది చాలు మనకి. ఇంకొకటి, పరిగెత్తేవాడూ బరువులెత్తేవాడూ ఒకటి కాదు. వాడికి ఆగకుండా గాలి కావాలి, వీడికి సెట్ల మధ్య వెచ్చగా ఉండాలి. ఈ స్టాండ్ ఫ్యాన్ నేరుగా వీపు మీదికి తిప్పి పెడతావు, చేతులకి రాసుకున్న పౌడరంతా పక్కవాడి కళ్ళలో పడుతుంది.

(రెండో మాట ఇది. ఫ్యాన్ వేయాలా వద్దా అని నెలరోజులు కొట్టుకున్నాం, ఎటు తిప్పాలి అని మాలో ఒక్కరూ అడగలేదు. చెమట మీద గాలి తగిలితే జలుబు చేస్తుందని మామ ఇంకో మాట కూడా అన్నాడు గానీ అది నేను ఒప్పుకోను, జలుబు వైరస్‌తో వస్తుంది.)

అల్లుడు: సరే, స్టాండ్ ఫ్యాన్ గోడ వైపు తిప్పుదాం, గాలి గోడకి తగిలి గదంతా తిరుగుతుంది. గోడ ఫ్యాన్లు మాత్రం ట్రెడ్‌మిల్ మీద మనిషి ఉన్నంతసేపు ఆపకూడదు.

మామ: ఆపను. అలిపిరికి నేను చేసుకునే సాధన పొద్దున ఎండ పొడిచాక బయట చేసుకుంటా, పక్కన నువ్వుండు. కానీ ముందు ఈ రేకులకి సున్నం కొట్టించమని ఓనర్‌ని అడగాలి, సగం వేడి అక్కడి నుంచే.

అల్లుడు: ఆదివారం ఇద్దరం కలిసి అడుగుదాం.

మామ స్టూలు లాగి గోడ ఫ్యాన్ కిందికి వేసుకుని ఎక్కాడు. రెక్కల అంచుల మీద దుమ్ము వేలెడు మందాన నల్లగా పేరుకుని ఉంది, ఇన్నాళ్ళు ఎవరూ చూడలేదు. తడిగుడ్డతో ఒక్కో రెక్కా తుడుస్తుంటే అల్లుడు కింద స్టూలు పట్టుకుని నిలబడ్డాడు. దిగి, గుడ్డ బకెట్లో వేసి, ట్రెడ్‌మిల్ మీద ఎవరైనా ఉన్నారేమోనని ఒకసారి చూశాడు. ఆ డిగ్రీ కుర్రాడే ఉన్నాడు. మామ వెళ్ళి స్విచ్ వేశాడు.