డిశ్చార్జి కాగితం ఎవరి కోసం రాస్తున్నారు?

తిరుమలలో మైకులో ఏం చెప్పినా తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, ఇంగ్లీషుల్లో చెబుతారు. ఎక్కడినుంచి వచ్చినవాళ్ళకైనా అర్థం కావాలనే కదా. అదే కొండ కింద, ప్రాణం మీదికొచ్చి ఆసుపత్రిలో చేరిన మనిషి ఇంటికి పోయేటప్పుడు చేతిలో పెట్టే కాగితం మాత్రం చాలాచోట్ల ఒక్క ఇంగ్లీషులోనే. నాకు దీనిమీద చాలా కోపంగా ఉంది.

మా మేనత్తది పలమనేరు దగ్గర పల్లె. బీపీ ఉంది. మోకాళ్ళ నొప్పులకు తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించుకుంది. మందుల చీటీలో నొప్పి మాత్ర పక్కన 'ఎస్‌ఓఎస్' అని రాశారు. అంటే నొప్పి ఉన్నప్పుడే వేసుకోవాలని. అత్త దాన్ని బీపీ మాత్రతో పాటు మూడు పూటలా నెల పైగా మింగింది. కాళ్ళు వాచి, బీపీ పెరిగి, చివరికి కిడ్నీ పరీక్షల దాకా పోయింది. అడిగుండొచ్చు కదత్తా అంటే, "డాక్టరమ్మ అర్థమైందా అనింది, ఊఁ అన్నా. వెనకాల అంతమంది నిలబడుండారు, ఇంకేం అడిగేది నాయనా" అనింది.

చదువు లేకపోతే అంతేలే అన్నారు మా బంధువొకరు. ఆ మాట నేను అస్సలు ఒప్పుకోను. బీడీ అంటే రోజుకు రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు, హెచ్‌ఎస్ అంటే పడుకునే ముందు. ఇవి లాటిన్ మాటల పొట్టి అక్షరాలు. ఇంజినీరింగ్ చదివినవాళ్ళలో ఎంతమందికి తెలుసు? మందుల పేర్లు జనరిక్‌లో, చదవగలిగేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లోనే భారత వైద్య మండలి నిబంధన పెట్టింది. మంచిదే. కానీ గుండ్రంగా రాసినా లాటిన్ లాటినే.

విరేచనాలప్పుడు పట్టించే ఓఆర్‌ఎస్ పొడి సంగతే చూడండి. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళలో కలపాలి. అది చెప్పకుండా చేతిలో పెడితే తల్లి గ్లాసు నీళ్ళలో కలిపి పట్టిస్తుంది, బిడ్డ ఒంట్లో ఉప్పు ప్రమాదకరంగా పెరగొచ్చు. "బీపీ నార్మల్‌కొచ్చింది" అని ఊరుకుంటే మాత్ర మానేస్తారు. ఆ మాత్ర వేసుకుంటున్నందువల్లే నార్మల్‌గా ఉందని ఇంకొక్క వాక్యం చెబితే మానరు.

తిరుపతిలో రుయా, స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రుల ఓపీల్లో జనాన్ని చూసినవాళ్ళకెవరికైనా డాక్టర్లకు ఊపిరి సలపదని తెలుసు. అందుకే అంతా డాక్టరే చెప్పాలని నేను అనడం లేదు. నర్సు చెప్పొచ్చు, మందులిచ్చేవాళ్ళు చెప్పొచ్చు. "అర్థమైందా" అని అడిగితే ఎవరైనా తలూపుతారు. "ఇంటికి పోయినాక ఈ మాత్ర ఎప్పుడెప్పుడు వేసుకుంటావో చెప్పమ్మా" అని అడగండి. తప్పు చెబితే అక్కడే దిద్దొచ్చు. కవరు మీద పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని తెలుగులో రాయండి. నగరి, సత్యవేడు వైపునుంచి వచ్చిన తమిళం వాళ్ళకు తమిళంలో చెప్పండి. చదవలేనివాళ్ళకు సూర్యుడు, చంద్రుడు బొమ్మలు గీసినా చాలు.

ఇంట్లో పెద్దవాళ్ళను ఆసుపత్రికి తీసుకుపోయేవాళ్ళకు ఒక మాట. ఏ మాత్ర దేనికి, ఎన్నాళ్ళు, ఏమైతే వెంటనే మళ్ళీ రావాలో తెలుగులో రాయించుకోండి. కసురుకుంటే కసురుకోనీండి. రాసిచ్చేదాకా ఆ మందులిచ్చే కిటికీ దగ్గరినుంచి కదలొద్దు.